ఏమీ పండని నేల మీద పూసే పువ్వు

దసరా దగ్గరపడింది. ఒడిశాలోని కోరాపుట్ జిల్లాలో, జయపురం నుంచి నవరంగ్‌పూర్ వైపు వెళ్ళే 26వ నంబరు జాతీయ రహదారి మీద బోరిగుమ్మ దాటాక బస్సు దిగి, పొలాల్లోకి నడవండి. రాత్రి కురిసిన వాన గట్ల మీంచి ఇంకా జారుతూనే ఉంది. పల్లపు మళ్ళలో వరి పొట్ట మీదుంది. మీరు వెళ్ళాల్సింది అటు కాదు. మడికీ మెరకకీ మధ్య ఎర్ర గరప నేల కొంచెం వాలుగా ఉండి, పైనుంచి ఊట నీరు పల్చగా పారే చోటొకటి కనబడుతుంది. అక్కడ ఆగండి.

"ఏటి బాబూ, ఏటి ఎతుకుతున్నారు? ఆ గరపలో గడ్డి కూడా సరిగ్గా మొలవదు" అంటాడు గట్టు మీద పశువులను తోలుకుపోతున్న పెద్దాయన. ఆ మాట నిజం. మీరు వెతికే మొక్క అక్కడే ఉండటానికి కారణం కూడా అదే.

మోకాళ్ళ మీద కూర్చుని, ముఖం నేలకు దగ్గరగా పెట్టండి. మొదట రాళ్ళే కనిపిస్తాయి. కళ్ళు అలవాటు పడ్డాక, రూపాయి బిళ్ళంత ఎర్రటి మొక్క ఒకటి బయటపడుతుంది. దాని పక్కనే ఇంకొకటి, ఆ వెనకాల మరో నాలుగు. ఇక చెయ్యి ఎక్కడ ఆన్చాలో తెలియదు. చిన్న చిన్న ఆకులు నేలకు అతుక్కుని, గుండ్రంగా పరుచుకుని ఉంటాయి. ఆకు మీదా అంచుల్లోనూ సన్నటి నూగు, ఆ నూగు కొసల మీద బొట్లు. ఎండెక్కి గడ్డి మీది మంచు ఆరిపోయినా ఈ బొట్లు ఆరవు. అవి నీళ్ళు కావు, జిగురు. మీ బడి పుస్తకంలో కీటకాహార మొక్కల బొమ్మల్లో చూసిన డ్రోసెరా ఇదే. ఈ జాతి పేరు డ్రోసెరా బర్మానీ.

కదలకండి. కంటికి ఆనీ ఆనని ఈగ ఒకటి ఆకు అంచున వాలింది. ఒక కాలు అంటుకుంది. దాన్ని లాక్కోబోయి రెండో కాలు అంటించుకుంది. అంచున ఉన్న పొడవాటి నూగు ఒకటి లేచి, లోపలికి వంగి, ఈగను ఆకు నడిమికి తోసేసింది. ఇదంతా కొన్ని సెకన్లలో, మీ కళ్ళెదుటే జరిగిపోయింది. మిగతా నూగు ఇప్పుడు నెమ్మదిగా దాని మీదికి వంగుతుంది. ఆకులో ఊరే రసాలు ఈగ మెత్తటి భాగాలను కరిగిస్తాయి. కొన్ని రోజులకు ఆకు మళ్ళీ విచ్చుకునేసరికి పైన మిగిలేది పొట్టు మాత్రమే. వానలకు కడుక్కుపోయిన ఈ గరప నేలలో దొరకని నత్రజని, భాస్వరం ఆ ఈగలో దొరుకుతాయి.

ఇప్పుడు కాస్త పక్కకు చూడండి. తడి మట్టిలోంచి దారమంత సన్నటి కాడ మీద చిన్న పసుపు పువ్వు లేచింది. అది యుట్రిక్యులేరియా. దాని వేట మట్టి కింద సాగుతుంది. సూక్ష్మమైన తిత్తులు సెకనులో వెయ్యో వంతుకన్నా తక్కువ కాలంలో నోరు తెరిచి, నీటితోపాటు పురుగును లోపలికి పీల్చుకుంటాయి. ఒకే నేల చెక్కలో రెండు రకాల వేట.

మొక్కను పెకలించి ఇంటికి తీసుకుపోదామని చెయ్యి చాపకండి. దాని వేళ్ళు నాజూకు, పైగా అది ఒక్క కారు బతికే మొక్క. పెకలిస్తే దాని గింజలు ఇక్కడ రాలకుండా పోతాయి. ఎండి గోధుమరంగుకు తిరిగిన కాయను ఒకదాన్ని చూసుకుని, కింద తెల్ల కాగితం పట్టి వేలితో మెల్లగా తట్టండి. నల్లటి పొడి రాలుతుంది. ఆ పొడిలో ప్రతి నలుసూ ఒక గింజే. ఒక్క కాయ చాలు, మిగతావి నేలకే వదిలేయండి.

ఆ గింజలతో ఇంటికొచ్చాం. డాబా మీద తూర్పు ఎండ బాగా పడే చోట కుండీ పెట్టండి. పెరటి మట్టి, పేడ ఎరువు, వానపాముల ఎరువు ఏదీ వద్దు. పీట్ మాస్, శుభ్రంగా కడిగిన ఏటి ఇసుక సమపాళ్ళలో కలపండి. పీట్ మాస్ దొరక్కపోతే కోకోపీట్ వాడవచ్చు. కాకపోతే దానిలోని ఉప్పు పోయేదాకా వాన నీళ్ళలో పదేపదే నానబెట్టి పిండాలి. కుండీని పళ్ళెంలో పెట్టి, వేలి కణుపు మునిగేంత నీళ్ళు ఎప్పుడూ నిలిచి ఉండేలా చూడండి. బోరు నీళ్ళు పొయ్యకూడదు. వాటిలోని లవణాలు పేరుకుపోయి మొక్కను చంపేస్తాయి. కోరాపుట్ వానలకు చూరు కింద డ్రమ్ము పెడితే, వేసవికి సరిపడా నీళ్ళు దాచుకోవచ్చు.

గింజలను మట్టి మీద చల్లి వదిలేయండి. పైన మట్టి కప్పితే మొలవవు, వాటికి వెలుతురు కావాలి. కొన్ని వారాలకు ఆవగింజలో సగం కూడా లేని మొలకలు కనిపిస్తాయి. అంత చిన్న మొలక మీదా అప్పుడే జిగురు బొట్టు మెరుస్తుంటుంది. ఎండ చాలకపోతే ఆకులు పచ్చగా ఉండిపోతాయి, జిగురు సరిగ్గా ఊరదు. మాంసం ముక్కలు, అన్నం మెతుకులు పెట్టకండి, ఆకు కుళ్ళిపోతుంది. ఆరుబయట ఉన్న మొక్క తన తిండి తానే పట్టుకుంటుంది.

ఆ తిండి పూలకు ఎంత అవసరమో తేల్చినవాళ్ళు ఒక తండ్రీ కొడుకులు. 1860 వేసవిలో ఇంగ్లండులోని ససెక్స్‌లో చార్లెస్ డార్విన్ డ్రోసెరా ఆకుల మీద చిక్కుకున్న పురుగులను చూశాడు. ఇంటికి తెచ్చి ఏళ్ళ తరబడి పరీక్షించాడు. నత్రజని ఉన్న ద్రవాలకు వంగిన ఆకు మామూలు నీటి చుక్కకు కదల్లేదు. 1875లో కీటకాహార మొక్కల మీద ఆయన పుస్తకం వచ్చింది. ఆయన కొడుకు ఫ్రాన్సిస్ మొక్కలను రెండు గుంపులుగా విడదీసి, ఒక గుంపుకే మాంసపు తునకలు పెట్టాడు. తిన్న మొక్కలు పూకాడలు ఎక్కువ వేశాయి, గింజలు అంతకన్నా ఎక్కువ ఇచ్చాయని 1878లో ప్రకటించాడు.

మీ కుండీలో పూకాడ లేచే రోజు దగ్గరపడింది. ఆకుల నడుమ నుంచి చుట్ట చుట్టుకున్న కాడ లేచి, రోజురోజుకూ విచ్చుకుంటూ పైకి పోతుంది. మొగ్గలు కింది నుంచి పైకి వరసగా పూస్తాయి. పొద్దున ఎండ తగలగానే అయిదు తెల్ల రేకులు తెరుచుకుంటాయి. కొన్ని గంటలే ఆ పువ్వు ఆయుష్షు. మబ్బు రోజున తెరుచుకోకపోయినా బెంగ లేదు, తన పుప్పొడితో తానే కాయ కట్టుకుంటుంది. కాయలు ఎండాక మొక్కా ఎండిపోతుంది. అది మీ తప్పు కాదు, దాని బతుకే అంత. గింజలను కాగితం పొట్లంలో దాచి, మళ్ళీ వానాకాలానికి చల్లండి.

ఇలా ఒక్క కారు పెంచితే, పొలం పక్కన ఆ గరప చెక్క ఎందుకు అలాగే ఉండాలో తెలుస్తుంది. కుండీలో వద్దన్న ఎరువే అక్కడా దీనికి చేటు. పై పొలం నుంచి ఎరువు నీళ్ళు దిగితే గడ్డి ఏపుగా పెరిగి దీన్ని నీడలో ముంచేస్తుంది. మట్టి తోలించి చదును చేస్తే గింజలతో సహా పోతుంది. కోరాపుట్ సంప్రదాయ సేద్యాన్ని, ఇక్కడి వరి రకాల వైవిధ్యాన్ని 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ప్రపంచ వారసత్వ సేద్యంగా గుర్తించింది. ఆ మళ్ళ పక్కనే ఉన్న ఈ నిస్సారపు నేలనూ ఆ వారసత్వంలో భాగంగానే చూడాలి. కుండీలో పెంచడం ఈ మొక్కను తెలుసుకోవడానికే, ఆ నేలకు బదులు కాదు. బోరిగుమ్మ చుట్టుపక్కల మీకు పొలముంటే, ఊట పారే ఎర్ర చెక్క ఒకటి దున్నకుండా, ఎరువు చల్లకుండా వదిలేయండి. మీది కాకపోతే, ఆ రైతు దగ్గరికి వెళ్ళి కూర్చోండి, మొక్కను చూపించండి, వదిలేయమని అడగండి.