చెమట ఆరక ముందే



మన తాండూరు నేల కింద నాపరాయి పొరలు పొరలుగా పరచుకొని ఉన్నది. 1874లో వాడి నుండి సికింద్రాబాదు వరకు వేసిన నిజాం రాజ్యపు రైలు మార్గం తాండూరు, వికారాబాదుల మీదుగా సాగింది. బరువైన సరుకు దూరప్రాంతాలకు చేరే దారి ఏర్పడింది. అయితే ఆ బండను పొర చెడకుండా విడదీసినది గడ్డపార, ఉలి, సుత్తి పట్టిన కూలివాని చేయి. ఎక్కడ దెబ్బ వేస్తే రాయి పగులుతుందో, ఎక్కడ వేస్తే విడివడుతుందో ఆ చేతికే తెలుసు. నేడు కోత యంత్రాలు, పాలిష్ యంత్రాలు వచ్చినా ఆ ఎరుక అవసరం తీరలేదు.

దావూద్ ప్రవక్త (అలైహిస్సలాం) ఇనుముతో కవచాలు చేసేవారనీ, వాటి కడియాలను సరైన కొలతతో కూర్చమని అల్లాహ్ ఆదేశించాడనీ దివ్య ఖుర్ఆన్ తెలుపుతున్నది. ఆయన తన చేతి కష్టార్జితమే భుజించేవారని హదీసు చెబుతున్నది. ప్రవక్త స్థానంలో ఉన్నవారికే పనితనం గౌరవమైనప్పుడు, అది మనకు చిన్నతనం ఎలా అవుతుంది?

గుహలో చిక్కుకున్న ముగ్గురి వృత్తాంతం మనమెరిగినదే. వారిలో ఒకరి వద్ద ఒక కూలివాడు తన వేతన ధాన్యాన్ని విడిచి వెళ్ళిపోయాడు. యజమాని ఆ ధాన్యాన్ని విత్తి, పండించి, పశువుల మందగా వృద్ధి చేశాడు. ఏళ్ళ తరువాత కూలివాడు తిరిగి వస్తే సమస్తమూ అప్పగించాడు. ముగ్గురూ తమ తమ సత్కార్యాలను పేర్కొని వేడుకోగా గుహకు అడ్డుపడిన బండ తొలగిపోయింది.

కూలిని అమానత్‌గా భావించే యజమాని వద్ద పనివాడు తన బుద్ధిని దాచుకోడు. నీరు పోస్తూ కోస్తే ఊపిరితిత్తులకు హాని చేసే ధూళి అణగుతుందనీ, ఫలానా పొరను ఇలా తీస్తే వృథా తగ్గుతుందనీ తానే ముందుకు వచ్చి చెబుతాడు. చెమట ఆరక ముందే కూలి చెల్లించమన్న ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధను మరచిన చోట చేతులు కదులుతాయి గాని, ఆలోచన నోరు విప్పదు.

పనివారికీ బాధ్యత ఉన్నది. తడిసిన ధాన్యాన్ని రాశి అడుగున దాచిన వర్తకుణ్ణి ప్రవక్త మందలించారు. పగిలిన బండను మంచి బండల నడుమ పెట్టి పంపడమూ అదే మోసం.

ఈ జుమా ముగిసి ఇల్లు చేరక ముందే మన లెక్కల పుస్తకం తెరుద్దాం. అందులో ఎవరి కూలి మిగిలి ఉన్నదో చూసి, నేడే చెల్లిద్దాం. అల్లాహ్ మన సంపాదనను హలాల్ చేయుగాక. ఆమీన్.