నీటి స్వచ్ఛత: కొలమానాల చరిత్ర

చెరువు నీరు కలకబారితే కుండ లోపల చిల్లగింజ అరగదీసి, మడ్డి అడుగుకు దిగాక ఆ నీటిని తాగడం తెలుగు పల్లెల్లో తరతరాలుగా ఉన్న ఆచారం. తేటనీరే మంచినీరన్న భావన దానికి ఆధారం. రంగు, రుచి, వాసన - చాలాకాలం వరకు ఏ దేశంలోనైనా నీటికి ఇవే పరీక్షలు. వాటి సరసన అంకెలు ఎలా వచ్చి చేరాయో, ఒక్కొక్క అంకె ఏ ప్రశ్నకు సమాధానంగా పుట్టిందో తెలుసుకోవడం నదుల నివేదికలు చదివేవారందరికీ అవసరం.

1855 జూలైలో ప్రఖ్యాత శాస్త్రవేత్త మైకేల్ ఫారడే లండన్‌లో థేమ్స్ నదిపై స్టీమరులో వెళుతూ తెల్లని అట్టముక్కలను తడిపి నీటిలోకి వదిలాడు. ఎండ బాగా కాస్తున్నా అవి అంగుళం లోతుకు దిగేలోపే కనిపించకుండా పోయాయి. ఆ సంగతిని ఆయన టైమ్స్ పత్రికకు లేఖ రాశాడు. పదేళ్ల తరువాత, 1865లో, ఇటలీ ఖగోళ శాస్త్రజ్ఞుడు ఏంజెలో సెక్కీ మధ్యధరా సముద్రంలోకి పళ్లెం వంటి బిళ్లను తాడుతో దించి, అది కనుమరుగయ్యే లోతును కొలిచాడు. సరస్సుల తేటదనాన్ని కొలవడానికి అటువంటి బిళ్లనే నేటికీ వాడుతున్నారు.

అయితే తేటదనం ఆరోగ్యానికి హామీ కాదు. 1884లో రాబర్ట్ కాక్ కలరా క్రిమిని కలకత్తాలో జనం వాడుకునే ఒక చెరువు నీటిలోనే కనుగొన్నాడు. కంటికి కనిపించని శత్రువును పట్టుకోవడానికి క్రమంగా మరో మార్గం ఏర్పడింది. మనుషుల, పశువుల పేగుల్లో నివసించే కోలిఫారం బాక్టీరియా నీటిలో ఎంత ఉన్నదో లెక్కిస్తే, మలినం ఎంత కలిసిందో అంచనా వేయవచ్చు. ప్రతి రోగక్రిమినీ విడివిడిగా వెతకనక్కరలేదు.

నదిలో జలచరాలు బతకగలవా అన్నది వేరే ప్రశ్న. నీటిలో కరిగిన ప్రాణవాయువును కొలిచే నమ్మకమైన రసాయన పద్ధతిని 1888లో హంగరీ శాస్త్రజ్ఞుడు లాయోష్ వింక్లర్ ప్రకటించాడు. మురుగును కుళ్లబెట్టే సూక్ష్మజీవులు ఈ ప్రాణవాయువునే ఖర్చు చేస్తాయి. ఆ ఖర్చే బి.ఓ.డి. 1898లో బ్రిటన్‌లో ఏర్పడిన మురుగునీటి రాయల్ కమిషన్ 1912 నాటి నివేదికలో దీనిని ప్రమాణంగా నిలిపింది. నమూనాను 65 డిగ్రీల ఫారన్‌హీట్ వద్ద ఐదు రోజులు ఉంచి పరీక్షించాలన్నది. బ్రిటన్ నదుల నీరు సముద్రం చేరడానికి ఐదు రోజులకు మించి పట్టదన్నది ఆ గడువుకు కారణమని చెబుతారు.

ఆ గడువు ప్రపంచమంతటా వ్యాపించింది. కాని 2,525 కిలోమీటర్ల గంగ ఆ లెక్కలో ఇమిడేది కాదు. మన ఎండలు ఆ ఉష్ణోగ్రతకు లొంగేవీ కావు. 1974లో జలకాలుష్య నివారణ చట్టం వచ్చి, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఏర్పడిన తరువాత మన ప్రమాణాలు మనకు సమకూరాయి. 1993 నాటి భారతీయ ప్రమాణం ప్రకారం బి.ఓ.డి. పరీక్షను 27 డిగ్రీల సెల్సియస్ వద్ద మూడు రోజులు జరపాలి. నీటిని ఏ ప్రయోజనానికి వాడతామన్న దానినిబట్టి మండలి తరగతులు కూడా నిర్ణయించింది. స్నానానికి పనికివచ్చే నదిలో లీటరుకు కనీసం 5 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉండాలి, బి.ఓ.డి. 3 మిల్లీగ్రాములు మించరాదు. 1986లో ఆరంభమైన గంగా కార్యాచరణ ప్రణాళికకు స్నానయోగ్యతే గీటురాయి అయింది.

ఇంత జరిగినా అంకె తనంతట తాను నిజం చెప్పదు. 20 డిగ్రీల వద్ద లీటరు మంచినీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగగలదు. 30 డిగ్రీల వద్ద ఏడున్నరకు మించదు. అంటే ప్రవాహం సన్నగిల్లే వేసవిలోనే నదికి ఊపిరి తక్కువ. చెరువుల సంగతి మరీ విచిత్రం. 16వ శతాబ్దంలో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో నిర్మితమై, ఒకప్పుడు హైదరాబాదుకు తాగునీరిచ్చిన హుస్సేన్‌సాగర్ తరువాతి కాలంలో మురుగు చేరి పచ్చబారింది. అటువంటి నీటిలో సూక్ష్మమైన నాచు పగలు ఎండలో ప్రాణవాయువును విడుదల చేస్తుంది. రాత్రి తానే పీల్చుకుంటుంది. మధ్యాహ్నం తీసిన నమూనాలో ప్రాణవాయువు పుష్కలంగా కనిపిస్తుంది. అదే చెరువులో తెల్లవారుజామున చేపలు ఊపిరాడక తేలిపోవచ్చు.

దస్త్రంలోకి వచ్చేసరికి ఈ వివరాలన్నీ రాలిపోయి, సగటు ఒక్కటే మిగలడం మా ఉద్యోగాలలో తరచు చూసే విషయం. దాని కింద సంతకం చేసే అధికారి నమూనాను ఎక్కడ, ఏ నెలలో, ఏ వేళ తీశారో తప్పక అడగాలి. మన ముందుతరాల వారు నీటిని కళ్లతో చూసి మోసపోయారు. మనం అంకెలను చూసి మోసపోయే ప్రమాదం ఉంది. ఫారడే నది మీదికి వెళ్లి చూశాడు. ఆ అలవాటును అంకెలు మనకు మాన్పించకూడదు.