ఉన్నత విద్య: ప్రణాళిక, పనితీరు లెక్కలు (పల్నాడు)

ఇంటర్ తరవాతి చదువుకు ఎన్ని కాలేజీలు, ఎన్ని సీట్లు, ఎంత ఫీజు ఉండాలో ప్రభుత్వం ముందుగా తేల్చడం ప్రణాళిక. పెట్టిన డబ్బుకు ఫలితం దక్కిందా అని చూడడం పనితీరు లెక్క. ఈ రెండింటి కథ విజయవాడ ఆఫీసులో ఒకలా, ఎడ్లపాడులో ఒకలా కనిపిస్తుంది. గుంటూరు, చిలకలూరిపేటల మధ్య 16వ నంబరు జాతీయ రహదారి మీదున్న మండల కేంద్రం ఎడ్లపాడు. కొండవీడు కోట ఈ మండలంలోదే. పొద్దున్నే మెడలో ఐడీ కార్డు, చేతిలో టిఫిన్ బాక్సుతో రోడ్డు పక్కన నిలబడ్డ పిల్లలు కాలేజీ బస్సులెక్కి ఊరు దాటిపోతారు. ఊరికి వాళ్ళంతా మనవాళ్ళే. ప్రభుత్వ లెక్కల్లో మాత్రం ఎవరు ఎక్కడివాళ్ళన్నది వేరే సంగతి.

మొదట్లో కొలత అంటే దూరమే. గుంటూరులో ఆంధ్రా క్రిస్టియన్ కాలేజీ 1885 నాటిది, డిగ్రీ ఇచ్చేది మద్రాసు విశ్వవిద్యాలయం. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చింది గానీ అది వాల్తేరులో స్థిరపడింది. 1967లో గుంటూరు దగ్గర దాని పీజీ కేంద్రం వెలిసింది, 1976లో అదే నాగార్జున విశ్వవిద్యాలయమైంది. ఈలోగా 1974 రాష్ట్రపతి ఉత్తర్వుతో 85 శాతం సీట్లు స్థానికులకని తేలింది. ‘స్థానికత’ అనే మాట ప్రతి ఇంట్లోకీ వచ్చిందంటే ఆ ఉత్తర్వు పుణ్యమే. స్థానికతను రుజువు చేసే స్టడీ సర్టిఫికెట్ల కోసం పాత బడుల చుట్టూ తిరగడమూ దానితోనే మొదలైంది.

ప్రైవేటు కాలేజీలు పెరిగాక లెక్క సీటు మీదికి మళ్ళింది. 1983లో రాష్ట్రం క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ చట్టం చేసింది. కాలేజీల ఫీజు వివాదం సుప్రీంకోర్టుకెక్కి, 1993లో ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ తీర్పుగా దేశమంతటికీ ఫీజుల దారి మార్చింది. 1988లో రాష్ట్ర ఉన్నత విద్యామండలి ఏర్పడింది. 1986 జాతీయ విద్యా విధానం చెప్పిన పద్ధతిలో దేశంలో ముందుగా పెట్టిన మండలి ఇదే. పావు శతాబ్దం తరవాత, 2013లో, కేంద్రం తన ఉన్నత విద్యా పథకం ‘రూసా’ నిధులకు రాష్ట్ర మండలి ఉండాలని షరతు పెట్టేసరికి తెలుగువాళ్ళకు అది పాత సంగతి.

2008 ప్రాంతంలో వచ్చిన, పేద పిల్లల ఫీజు ప్రభుత్వమే కట్టే ఫీజు రీయింబర్స్‌మెంట్ ప్రణాళికను తలకిందులు చేసింది. అంతకుముందు సీట్లు ఎన్నో ప్రభుత్వం చెప్పేది. అప్పటినుంచి పిల్లవాడి వెంట డబ్బు నడిచింది, డబ్బు వెంట కాలేజీలు లేచాయి. ఖర్చు మోయలేక, ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఎంసెట్‌లో పది వేల ర్యాంకు దాటినవాళ్ళలో చాలామందికి 35,000 రూపాయలే ఇస్తామన్నారు. 2019 తరవాత జగనన్న విద్యా దీవెన పేరుతో పూర్తి ఫీజు తల్లుల ఖాతాల్లో వేశారు. ప్రభుత్వం మారాక మళ్ళీ కాలేజీలకే పంపుతున్నారు. పథకం పేరు ఏదైనా, 75 శాతం హాజరు షరతు మాత్రం పిల్లల నోట నానుతూనే ఉంది. చదువు వంటబట్టిందా అనేదానికంటే తరగతిలో కూర్చున్నాడా అనేది కొలవడం సులువు మరి.

కాలేజీకే మార్కులు వేసే పని 1994లో బెంగళూరులో పుట్టిన న్యాక్‌ది. ఏడు ప్రమాణాలు, నాలుగు పాయింట్ల స్కేలు, ఏ ప్లస్ ప్లస్ వరకూ గ్రేడ్లు. తనిఖీ బృందం వచ్చే నెలల్లో ఏ కాలేజీకి వెళ్ళినా ఇదే కనిపించేది: నాణ్యతా విభాగం గదిలో ప్రమాణానికో బీరువా, బీరువా నిండా ఫైళ్ళు. ఎన్నడో నాటిన మొక్క దగ్గర మళ్ళీ నిలబడి జియోట్యాగ్ ఫోటో తీసుకునే లెక్చరర్లు. 2025 ఫిబ్రవరిలో గుంటూరు జిల్లాలోని ఒక డీమ్డ్ విశ్వవిద్యాలయానికి మంచి గ్రేడు కోసం లంచం తీసుకున్నారన్న ఆరోపణపై తనిఖీ బృందం సభ్యులను సీబీఐ అరెస్టు చేసింది. అంతకు ఏడాది ముందే గ్రేడ్లు తీసేసి, గుర్తింపు ఉందా లేదా అన్నంతవరకే చెప్పే పద్ధతికి మారతామని న్యాక్ ప్రకటించి ఉంది.

అన్నిటికంటే ఎక్కువగా ఉటంకించే అంకె స్థూల నమోదు నిష్పత్తి. 18–23 ఏళ్ళ జనాభాలో ప్రతి వందమందికీ ఎంతమంది పైచదువుల్లో ఉన్నారో ఇది చెబుతుంది. 2021–22 అఖిల భారత సర్వేలో దేశానికిది 28.4, ఆంధ్రప్రదేశ్‌కు 36.5. 2035కల్లా దేశం 50కి చేరాలని 2020 విద్యా విధానం లక్ష్యం. లవం, హారం రెండూ చూస్తే గానీ దీని మెలిక అర్థం కాదు. హారంలో ఉన్నది 2011 జనగణన మీద వేసిన అంచనా. లవాన్ని నింపేది కాలేజీ. అంటే విద్యార్థి ఇల్లు ఎక్కడున్నా, చదివే చోటే అతని లెక్క.

2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లా నుంచి విడిపోయి నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. ఎడ్లపాడు అందులోకి వచ్చింది. నరసరావుపేటలోని కాకినాడ జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ పల్నాడుకు దక్కింది. నాగార్జున విశ్వవిద్యాలయం, వడ్డేశ్వరం, వడ్లమూడి ప్రైవేటు విశ్వవిద్యాలయాలు గుంటూరు జిల్లాకే ఉండిపోయాయి. ఆ మర్నాడు కూడా ఎడ్లపాడు పిల్లలు అదే బస్సెక్కారు, అదే బెంచీ మీద కూర్చున్నారు. కానీ జిల్లావారీ లెక్క తీస్తే వాళ్ళ వయసు పల్నాడు హారంలోనూ, వాళ్ళ చదువు గుంటూరు లవంలోనూ పడుతుంది. చెన్నైలో సీటొచ్చి వెళ్ళినవాడు తమిళనాడు శాతాన్ని పెంచుతాడు. ఎమ్మెస్‌కని అమెరికా విమానమెక్కినవాడు ఏ రాష్ట్రం లెక్కలోనూ ఉండడు.