నాడీకణాల్లో వెసికిల్ రవాణా: చరిత్ర

ఒక నాడీకణం మరొకదానికి సందేశం పంపడానికి వాడే రసాయనాలు ఆక్సాన్ కొసన సినాప్టిక్ వెసికిల్స్ అనే పొరసంచుల్లో నిల్వ ఉంటాయి. ఒక్కో వెసికిల్ వ్యాసం సుమారు 40 నానోమీటర్లు. విద్యుత్ సంకేతం కొసకు చేరగానే కాల్షియం లోపలికి ప్రవేశిస్తుంది. వెంటనే వెసికిల్ పొర కణత్వచంతో కలిసిపోయి, లోపలి రసాయనం బయటపడుతుంది. వెసికిల్ ఎక్కడ ఆగాలో, ఎప్పుడు కలవాలో, ఆ పొర తిరిగి ఎలా లోపలికి రావాలో నిర్ణయించేవి ప్రోటీన్లు. మెదడు, ఈస్టు, ఈగ, విషక్రిమి వంటి సంబంధం లేని దారుల్లో సాగిన పరిశోధనలు చివరికి ఒకే ప్రోటీన్ల గుంపు దగ్గర కలిశాయి.

తొలి దశ

1898లో ఇటలీకి చెందిన కమిల్లో గాల్జీ గుడ్లగూబ చిన్నమెదడు కణాల్లో ఒక జాలక నిర్మాణాన్ని గుర్తించారు. పొరసంచుల తయారీలో దాని పాత్ర అర్ధశతాబ్దం దాటాక గాని తెలియలేదు. 1921లో ఆటో లోవీ కప్ప గుండెలపై చేసిన ప్రయోగంతో నాడులు రసాయనాల ద్వారా పనిచేస్తాయని రుజువైంది.

1950లలో లండన్‌లో బెర్నార్డ్ కాట్జ్, ఆయన సహచరులు నాడీ కండర సంధిలో రసాయనం సమానమైన చిన్న మోతాదులుగా విడుదలవుతుందని కనుగొన్నారు. అదే కాలంలో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో వెసికిల్స్ కనిపించాయి. ఒక్కో మోతాదు ఒక్కో వెసికిల్‌దేనన్న ఊహకు కంటికి కనిపించే ఆధారం 1979లో దొరికింది. జాన్ హ్యూసర్, థామస్ రీస్ బృందం కప్ప కండరాన్ని ద్రవ హీలియంతో చల్లబరచిన రాగి దిమ్మె మీద పడేసి క్షణంలో గడ్డకట్టించింది. పడటానికి కొన్ని మిల్లీసెకన్ల ముందే నాడిని ప్రేరేపించడం వల్ల, వెసికిల్స్ తెరుచుకుంటున్న స్థితిలోనే చిత్రాల్లో చిక్కాయి.

ఈస్టు నుంచి మెదడుకు

1979లో బర్క్‌లీలో రాండీ షెక్‌మన్, పీటర్ నోవిక్ ప్రోటీన్లను బయటికి పంపలేని ఈస్టు కణాలను ఏరి తీశారు. మరుసటి ఏటికి ఈ పనికి అవసరమైన 23 జన్యువులు తేలాయి. జేమ్స్ రాత్‌మన్ బృందం పరీక్షనాళికలో పొరల రవాణాను తిరిగి జరిపించి, 1988లో అందుకు అవసరమైన ఎన్‌ఎస్‌ఎఫ్ ప్రోటీన్‌ను శుద్ధి చేసింది. ఆ 23 ఈస్టు జన్యువుల్లో ఒకటైన సెక్18 దీని జంటేనని ఆ తర్వాతి ఏడాది తెలిసింది.

1993లో రాత్‌మన్ ప్రయోగశాల చేసిన ప్రయోగం ఈ రంగాన్నే మలుపు తిప్పింది. ఆవు మెదడు పదార్థంలో ఎన్‌ఎస్‌ఎఫ్‌ను ఎరగా వాడి, కణానికి శక్తినిచ్చే ఏటీపీ విచ్ఛిన్నం కాకుండా ఆపి, దానికి అంటుకున్నవాటిని పట్టి ఉంచారు. తర్వాత ఏటీపీని విచ్ఛిన్నం కానివ్వగానే విడివడి బయటికి వచ్చినవి సింటాక్సిన్, స్నాప్-25, సినాప్టోబ్రెవిన్. మూడూ నాడీసంధిలో ఉంటాయని అప్పటికే తెలిసినవే. స్నేర్ ప్రోటీన్లుగా పేరుపొందిన వీటిలో సినాప్టోబ్రెవిన్ వెసికిల్‌పై, మిగతా రెండూ కణత్వచంపై ఉంటాయి. 1998లో వెల్లడైన స్ఫటిక నిర్మాణంలో నాలుగు సర్పిలాలు జడపాయల్లా పెనవేసుకుని కనిపించాయి. ఆ బిగింపే రెండు పొరలనూ దగ్గరకు లాగుతుంది.

విషాల సాక్ష్యం

1992లో పాదువాకు చెందిన చెసారె మోంటెకుక్కో బృందం ధనుర్వాత విషం సినాప్టోబ్రెవిన్‌ను కత్తిరిస్తుందని చూపింది. బాట్యులినం-ఎ విషం స్నాప్-25ను తెగ్గొడుతుందని మరుసటి ఏడాది తేలింది. నాడుల నుంచి రసాయన విడుదలను ఆపే ఈ విషాలు కత్తిరించేది ఈ ప్రోటీన్లనే. స్నేర్‌లు లేకుండా నాడీసందేశం సాగదనడానికి ఇంతకంటే గట్టి ఆధారం అక్కర్లేదు.

కాల్షియం మీట

డల్లాస్‌లో థామస్ సూడాఫ్ బృందం 1990లో వర్ణించిన సినాప్టోటాగ్మిన్, కాల్షియాన్ని పసిగట్టే ప్రోటీన్. 1994లో ఆ జన్యువు చెడిన ఎలుకల నాడీకణాల్లో వేగవంతమైన విడుదల ఆగిపోయి, నెమ్మదైనది మాత్రం మిగిలింది. 1993లో ఆయన బృందం గుర్తించిన మంక్18, షెక్‌మన్ ఈస్టు పరిశోధనలో దొరికిన మొదటి జన్యువు సెక్1కు బంధువు.

ఈగలు, భారత కృషి

ముంబయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన ఒబైద్ సిద్దిఖీ, సీమోర్ బెంజర్‌తో కలిసి 1976లో వేడి తగిలితే చచ్చుబడే పండ్ల ఈగలను వివరించారు. వాటిలో కోమటోస్ రకం చల్లబడ్డాక కూడా చాలాసేపటికి గాని తేరుకోదు. ఆ జన్యువు ఎన్‌ఎస్‌ఎఫ్‌దేనని 1995లో రుజువైంది. షిబిరే రకం ఈగ, వెసికిల్ పొరను కణత్వచం నుంచి తెంపి లోపలికి తెచ్చే డైనమిన్ పాత్రను బయటపెట్టింది.

తరువాతి కాలం

2006లో రైన్‌హార్డ్ యాన్ బృందం ఒక్కో వెసికిల్‌పై సుమారు 70 సినాప్టోబ్రెవిన్ అణువులు ఉంటాయని లెక్కగట్టింది. 2013లో రాత్‌మన్, షెక్‌మన్, సూడాఫ్‌లకు నోబెల్ బహుమతి లభించింది. 2008లో జపాన్ పరిశోధకులు మంక్18 జన్యులోపాలకూ, శిశువులకు తొలి నెలల్లోనే వచ్చే తీవ్ర మూర్ఛకూ ఉన్న సంబంధాన్ని కనుగొన్నారు. నాడీవైద్యులు ఇప్పుడు అలాంటి పిల్లలకు చేయించే జన్యుపరీక్షల్లో ఈ జన్యువు కూడా ఉంటోంది.