డబ్బు దిగులు

డబ్బు దిగులు అనగా అప్పులు తీరి, స్థిరమైన ఆదాయం ఏర్పడిన తరువాత కూడా పేదరికం తిరిగి వస్తుందేమోనన్న భయం మనిషిని వదలకపోవడం. ఇది వైద్యులు నిర్ధారించే ప్రత్యేక వ్యాధి పేరు కాదు. పిసినారితనమూ కాదు. పిసినారికి కూడబెట్టడంలో తృప్తి ఉంటుంది. ఈ దిగులు ఉన్నవారికి ఎంత కూడినా తృప్తి కలుగదు. పూర్వపు నల్గొండ, మహబూబ్ నగర్ జిల్లాలలో కూలి కుటుంబాలలో పుట్టి, చదువుకొని ఉద్యోగాలలో కుదురుకున్న మొదటి తరంవారికి ఇది బాగా తెలిసిన విషయమే.

నేపథ్యం

2016లో పలు జిల్లాలుగా విడిపోయిన ఈ రెండు జిల్లాలలో అధిక భాగం వర్షాధార మెట్ట ప్రాంతం. కృష్ణానది సమీపంలోనే పారుతున్నా, భూమి ఎత్తుగా ఉండటంవల్ల అనేక గ్రామాలకు ఆ నీరు చాలాకాలం అందలేదు. చెరువు నిండితే పంట, లేకుంటే వలస. పాలమూరు కూలీలు ఆనకట్టలు, కాలువలు, రహదారుల పనులకై దేశమంతటా తిరిగారు. గుంపు మేస్త్రీ ముందుగానే అడ్వాన్సు ఇచ్చేవాడు. ఆ సొమ్ము ఇంటి అవసరాలకు ఖర్చయిన తరువాతే పని మొదలయ్యేది, అనగా కూలీ ఊరు దాటేనాటికే ఋణగ్రస్తుడు. పిల్లలు అవ్వాతాతల వద్ద ఉండిపోయేవారు.

నల్గొండ వైపు బోరుబావి ఇటువంటి పాఠమే నేర్పింది. నీరు పడని బోరుకు కూడా అప్పు తీర్చవలసిందే. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అంటే వినడానికి స్వల్పమే. లెక్కకు ఏడాదికి 24 శాతం. లక్ష రూపాయల అప్పుకు ఏడాదికి 24 వేలు వడ్డీకే పోతే అసలు అలాగే నిలిచి ఉంటుంది. ఇటువంటి ఇంట పెరిగిన బిడ్డకు డబ్బు నిలవదన్నది అపోహ కాదు, కంటితో చూసిన సత్యం. పెద్దయ్యాక పరిస్థితి మారినా ఆ పాఠం మారదు. చిక్కంతా ఇక్కడే ఉంది.

లక్షణాలు

జీతం పడిన రోజునే ఖాతా పదేపదే చూసుకోవడం, వైద్యానికి సైతం ఖర్చుపెట్ట వెనుకాడటం, ఖర్చుచేసిన తరువాత రాత్రి నిద్ర పట్టకపోవడం సాధారణం. కొందరిలో దీనికి విరుద్ధంగా, బంధువులు చేబదులు అడిగితే కాదనలేని బలహీనత ఉంటుంది. తాము గట్టెక్కి వారు గట్టెక్కలేదన్న అపరాధభావం అందుకు కారణం.

పరిశోధనలు

తమిళనాడులోని చెరకు రైతులపై జరిపిన ఒక అధ్యయనం 2013లో సైన్స్ పత్రికలో వెలువడింది. అదే రైతులు కోతకు ముందు, డబ్బుకు ఇబ్బందిగా ఉన్నపుడు, ఆలోచనా పరీక్షలలో వెనుకబడి, కోత తరువాత మెరుగుపడ్డారు. లేమి మనసును ఆక్రమించుకుంటుందని దీనివల్ల తెలుస్తున్నది. అయితే లేమి తీరిన ఎన్నో ఏండ్లకు కూడా మిగిలే భయాన్ని ఈ అధ్యయనం పరిశీలించలేదు. రెండింటినీ ఒకటిగా భావించరాదు.

ఉపశమనం

"ఇంకా ఏమి భయం, జీతం వస్తున్నది కదా" అని మందలించడం వలన ప్రయోజనం లేదు. భయాన్ని అంకెలలోకి దించడం మేలు. ఇంటి నెల ఖర్చు ఎంత, ఆదాయం ఆగిపోతే ఉన్న సొమ్ము ఎన్ని నెలలకు సరిపోతుంది అని కాగితంపై వ్రాసుకోవాలి. ఆరు నెలల ఖర్చును విడి ఖాతాలో ఉంచి, దానిని దేనికీ ముట్టకుండటం పలువురు సూచించే పద్ధతి. బ్యాంకు మునుగుతుందన్న భయానికి ఒక సమాధానం ఉంది: 2020 ఫిబ్రవరి 4 నుండి ఒక్కొక్క బ్యాంకులో ఒక్కొక్క ఖాతాదారుకు అసలు, వడ్డీ కలిపి 5 లక్షల రూపాయల వరకు డిపాజిట్ బీమా వర్తిస్తుంది. ప్రైవేటు చిట్టీలకు, చేబదుళ్ళకు ఈ రక్షణ లేదు కనుక అక్కడి భయం దిగులు కాదు, వివేకమే. బంధువులకిచ్చే సాయానికి ఏడాదికి ఇంత అని ముందే నిర్ణయించుకుంటే, కాదనేటపుడు మాట కూడా తేలికవుతుంది.

పిల్లల ముందు పాత కష్టాలను దాచనవసరం లేదు. కాని ప్రతి పెన్సిలుకూ వాటిని గుర్తుచేస్తే దిగులు వారికి వారసత్వంగా సంక్రమిస్తుంది. నిద్ర, ఆకలి తగ్గి నిత్యకృత్యాలు దెబ్బతింటే వైద్యుని సంప్రదించాలి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవ 14416 సంఖ్యపై ఉచితంగా, తెలుగులో కూడా లభిస్తుంది.