ఆరు పౌన్ల కుందేలు

మొన్న సంక్రాంతికి మా మేనకోడలు మొహం ముడుచుకుని వచ్చింది. ఏమిటే అంటే చేతిలో ఉన్న గుడ్డసంచి నా ఒళ్ళో పడేసింది. సంచి మీద ఒక గంగిరెద్దు, దాని వెనకాల నోరు తెరుచుకు చూస్తున్న బుడ్డోడు. ఆ గంగిరెద్దు నాకు బాగా తెలుసు. ఎవరూ గీయమనకుండానే, మా భోజనాల బల్ల మీద ఒక సెలవు మధ్యాహ్నం పుట్టింది.

"ఇది నీ బొమ్మ కదుటే!"

"నాదే అత్తయ్యా. పండగ కార్డులకని ఒకాయన తీసుకుని రెండువేలు ఇచ్చాడు. ఇప్పుడు సంచుల మీదా అదే, కాఫీ కప్పుల మీదా అదే. అడిగితే అప్పుడే కొనేశాం కదమ్మా అంటున్నాడు."

"కాయితం ఏమైనా రాసుకున్నారా?"

"తెలిసినాయనే కదా అని..."

మన ఆడవాళ్ళ కష్టార్జితం సగం ఈ "తెలిసినాయనే కదా" కిందే కరిగిపోతుందని నా అనుమానం. పిల్లకి కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి ఒక కుందేలు కథ చెప్పాను. అదే మీకూ చెబుతాను. కథ లండనుది, అయినా మన వీధిలోదే అనిపిస్తుంది.

బియాట్రిక్స్ పాటర్ 1866లో కలవారింట పుట్టింది. బడికి పంపలేదు. ఇంట్లోనే పంతులమ్మ. స్నేహితులంటే పెంపుడు కుందేళ్ళు, ఎలుకలు, కప్పలు. వాటిని చూసి బొమ్మలు వేసుకోవడమే కాలక్షేపం. 1890లో అక్కాతమ్ముళ్ళకి ఒక చిన్న అచ్చుయంత్రం మీద మనసుపడింది. దానికి డబ్బు కావాలి. మామయ్య ఒకాయన సలహా చెబితే తన కుందేలు బెంజమిన్‌ని ఎదురుగా పెట్టుకుని కార్డులకు పనికొచ్చే బొమ్మలు వేసింది. మొదటి కంపెనీ తిప్పి పంపేసింది. రెండో కంపెనీ ఆరు పౌన్లు పంపింది!

ఆ సంతోషంలో కుందేలుకి గంజాయి గింజలు విందు పెట్టిందిట. మర్నాడు ఆ కుందేలుగారి మత్తు దిగక, బొమ్మకి కుదురుగా కూర్చుంటే ఒట్టు.

సంతోషం బాగానే ఉంది కాని, తరవాత ఏమైందో చూడండి. ఆ బొమ్మలు క్రిస్మస్ కార్డులయ్యాయి. ఆ పైన వేరొకరి పద్యాల చిట్టి పుస్తకంలోనూ దర్శనమిచ్చాయి. వేసినావిడ పేరు మాత్రం హెచ్.బి.పి. అని మూడు పొడి అక్షరాలు. మరో నాలుగేళ్ళకి ఇంకో కంపెనీకి కొన్ని కప్ప బొమ్మలు అమ్మింది. తరవాత జెరెమీ ఫిషర్ అనే కప్పగారి కథ రాయాలనుకున్నప్పుడు ఆ బొమ్మల్ని మళ్ళీ తానే డబ్బిచ్చి కొనుక్కోవలసి వచ్చింది. మన పుస్తె మనమే విడిపించుకున్నట్టు!

1893లో, తనకు చదువు చెప్పిన పంతులమ్మ కొడుకు జబ్బుపడితే, వాడికి బొమ్మలతో ఒక ఉత్తరం రాసింది. నాలుగు కుందేలు పిల్లలు, వాటిలో అల్లరివాడు పీటర్. కొన్నేళ్ళ తరవాత ఆ ఉత్తరం అడిగి తెచ్చుకుని పుస్తకం చేస్తే ప్రచురణకర్తలందరూ వద్దన్నారు. ఆవిడ ఊరుకోలేదు. 1901 డిసెంబరులో సొంత డబ్బుతో 250 ప్రతులు వేయించింది. అప్పుడు వార్న్ సంస్థవారికి కళ్ళు తెరుచుకున్నాయి. 1902లో వాళ్ళు వేసిన పీటర్ రాబిట్ మరుసటి ఏడాది చివరికల్లా 50,000 ప్రతులు దాటింది.

ఇక్కణ్ణించే అసలు కథ. ఆవిడ రాసిన ఉడుత కథలోని నట్‌కిన్ పేరు పెట్టి ఎవరో ఉడుత బొమ్మలు అమ్ముతున్నట్టు వాళ్ళ నాన్నగారు బజారులో చూశారు. మనమైతే "పోనీలెండి, మన పేరే కదా మోగుతోంది" అని మురిసిపోదుం. ఆవిడ కత్తెర తీసుకుని కూర్చుంది. గుడ్డ కత్తిరించి పీటర్ బొమ్మ తానే కుట్టింది. నిలబడ్డానికి కాళ్ళలో సీసపు గుళ్ళు పెట్టింది. మీసాలకి ఇంట్లో బ్రష్షు వెంట్రుకలు పీకింది. 1903 డిసెంబరు 28న ఆ బొమ్మని పేటెంటు ఆఫీసులో తన పేర నమోదు చేయించింది. కథలోని బొమ్మ బజారులో సరుకుగా మారేటప్పుడు, దాన్ని ముందుగా కాయితం మీద కట్టేసుకున్న తొలితరం వాళ్ళలో ఆవిడ ఒకరు.

కాయితం లేకపోతే ఏమవుతుందో కూడా ఆ పీటరే చూపించాడు. పుస్తకానికి అమెరికాలో హక్కు నమోదు చేయించడం వార్న్ వారి వల్ల జరగలేదు. అంతే, 1904 నుంచి అక్కడివాళ్ళు ఇష్టం వచ్చినట్టు అచ్చువేసుకున్నారు. ఆ పుస్తకాల మీద ఆవిడకి చిల్లిగవ్వ రాలేదు.

ఇంగ్లండులో మాత్రం పట్టు విడవలేదు. 1904లో పీటర్‌ని తోటమాలి తరిమే ఆటపలక తయారుచేసింది. 1905లో గోడకాగితం వచ్చింది. 1911లో పిల్లలు రంగులు వేసుకునే పుస్తకం. వీటిని ఆవిడ "సైడ్ షోలు" అనేది. తిరునాళ్ళలో దేవుడి పక్కన రంగులరాట్నంలాగన్నమాట. పేరుకి పక్క వేడుకలే కాని, బొమ్మ మొహం చెడకుండా ప్రతీదీ తానే చూసుకునేది. అన్నీ నెగ్గాయని కాదు. చవక జర్మను బొమ్మల పోటీలో ఇంగ్లండులో కుట్టేవాళ్ళు దొరకడమే గగనమైంది. ఆ కోపంతో 1910 ఎన్నికల్లో గోడపత్రికలు కూడా వేసింది.

1905లో ఆవిడని పెళ్ళాడతానన్నవాడు నార్మన్ వార్న్, ఆ ప్రచురణకర్తల ఇంటివాడే. వ్యాపారం చేసుకునేవాడని తల్లిదండ్రులు ఒప్పుకోలేదు. నెల తిరిగీ తిరక్కుండానే అతను జబ్బుచేసి పోయాడు. ఆ ఏడే పుస్తకాల డబ్బుకి ఒక అత్తవారసత్వపు కాస్త సొమ్ము కలిపి పల్లెలో హిల్ టాప్ అనే పొలం కొంది. ముప్ఫైతొమ్మిదేళ్ళ వయసులో తనదంటూ ఒక గడప. 1943లో కన్నుమూసేనాటికి 4,000 ఎకరాలకు పైగా నేషనల్ ట్రస్టుకి రాసిపెట్టింది. ఆరు పౌన్లతో మొదలైన కుందేలు ఎంత దూరం గెంతిందో చూడండి!

"అయితే బొమ్మలు అమ్మకూడదా అత్తయ్యా?" అంది మా పిల్ల.

అమ్మడం వేరు, అద్దెకివ్వడం వేరు. మేడమీద వాటా అద్దెకిస్తే ఇల్లు రాసిచ్చినట్టు కాదుగా? ఏ వాటా, ఎన్నాళ్ళకి, నెలకెంత అని ముందే అనుకుంటాం. బొమ్మకి లైసెన్సు ఇవ్వడమూ అంతే. కార్డులకా, కప్పులకా? ఏడాదికా, రెండేళ్ళకా? అమ్మిన ప్రతి కప్పుకీ ఎంత? మన 1957 కాపీరైటు చట్టం కూడా ఆ హక్కు బొమ్మ వేసినవాళ్ళ జీవితకాలమూ, ఆపైన అరవై ఏళ్ళూ ఉంటుందంటుంది. హక్కు రాసివ్వాలంటే సంతకంతో కాయితం ఉండాలంటుంది. ఆ కాయితంలో గడువు రాయకపోతే అయిదేళ్ళేనంటుంది.

మా పిల్ల కాఫీ కప్పు కింద పెట్టింది.

"అయితే కొన్నట్టు ఆయన దగ్గరా కాయితం లేదు కదత్తయ్యా!"

"లేదు కదే మరి!"

ఆ రాత్రే ఆయనకో ఉత్తరం రాసింది. మర్యాదగానే రాసింది, గారూ అనే రాసింది. కప్పులకీ సంచులకీ విడిగా లెక్క చెప్పమంది. జవాబు ఇంకా రాలేదు. ఈలోగా ఒక కాలెండరువాళ్ళు హరిదాసు బొమ్మ అడిగితే, "కాలెండరుకి మాత్రమే, ఒక్క ఏడాదికి" అని రాసి సంతకం పెట్టమందిట. వాళ్ళు ఒకటికి రెండుసార్లు చదువుకుని, నవ్వుకుని, పెట్టారుట.

ఆ కాయితం నకలు మా ఇనప్పెట్టెలో, ఇంటి పత్రాల పక్కనే పెట్టాను.