పుట్టింటి ప్రయాణం

మొగుడికి చెప్పకుండా పుట్టింటికి బయల్దేరిన ఇల్లాళ్లు చాలామందే ఉంటారు. మోటారు బండిలో బయల్దేరిన మొదటావిడ మాత్రం బెర్తా బెంజ్. 1888 ఆగస్టులో ఓ తెల్లవారుజామున, భర్త కార్ల్ నిద్ర లేవకముందే, ఇద్దరు కొడుకుల్నీ ఎక్కించుకుని జర్మనీలోని మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కి ప్రయాణం కట్టింది. వంద కిలోమీటర్ల పైచిలుకు! ఆ భర్తగారి కార్ఖానా నిలబడిందే ఆవిడ కట్నం డబ్బుతో. పెళ్లికి ముందే తీయించి ఇచ్చింది. తీరా బండి తయారయ్యాక, నమ్మి కొనేవాళ్లే కరువు.

దారిలో పెట్రోలు గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి బాగుచేసిందట. అది అందరూ చెప్పేదే. నాకు నచ్చింది మెట్టల సంగతి.

చదును నేలమీద బాగానే నడిచిన బండి ఎత్తు రాగానే మొరాయించింది. పిల్లలు దిగి తోయాల్సొచ్చింది. ఇంజను శక్తి రెండు మూడు గుర్రాలపాటిది. శక్తి అంటే బలాన్ని వేగంతో హెచ్చవేసిన లెక్క. సంచిలో ఉన్న పది రూపాయలూ అవే. ధర తగ్గితేనే సరుకు ఎక్కువొస్తుంది. అలాగే వేగం తగ్గించుకుంటేనే బలం పెరుగుతుంది. చిన్న చక్రం పెద్ద చక్రాన్ని తిప్పితే, పెద్దది నెమ్మదిగా తిరుగుతుంది గానీ దాని మెలితిప్పే బలం, అదే టార్క్, హెచ్చుతుంది. గేరు చేసే పని ఇంతే. (బి.ఏ. చదివిన నాకే అర్థమైందంటే చూడండి!)

ఆ బండికి ఉన్నవి రెండే గేర్లు. ఇంటికొచ్చి ఆవిడ భర్తతో చెప్పింది, ఎత్తులెక్కడానికి ఇంకో చిన్న గేరు కావాలని. కార్ల్ మారుమాట్లాడకుండా పెట్టాడు.